ఇలకూర చాటున మడ మొక్కలు

రెండేళ్ల కిందట మా చెల్లెలి చెరువులో ఒక ఘనకార్యం చేసి వచ్చాను. దాని ఫలితం తేలే రోజు వచ్చింది కాబట్టి, జూలైలో ఒక శనివారం ఉదయం అయిదున్నరకే పటమటలో మా ఇంటి నుంచి బస్టాండుకి ఆటో ఎక్కాను.

నాగాయలంక అవతల, కృష్ణా నది పాయ పక్కన ఉంది ఆ చెరువు. రొయ్యలకు తెగులొచ్చి ఏళ్లతరబడి ఖాళీగా పడి ఉంటే, మా మరిది ప్రకాశరావు గట్టు తెగ్గొట్టి, సముద్రపు పోటు నీటిని లోపలికి రానిచ్చి, మడ మొక్కలు నాటాడు. మడ లేస్తే పీతలూ చేపలూ తిరిగొస్తాయని, గట్టు కోత ఆగుతుందని అతని ఆశ. సెలవులకు వెళ్లి చూద్దును కదా, మొక్కల చుట్టూ అంతా ఇలకూరే. ఉప్పు నేలలో గుబురుగా, ఎర్రగా లేచే మొక్క అది. వరి చేల మధ్య పెరిగినదాన్ని, కలుపు కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా? నలుగురు కూలీలను పెట్టి, నేనూ కూర్చుని, మూడు రోజుల్లో చెరువంతా అద్దంలా చేసిపెట్టాను. వేసవి దాటేసరికి ఒక్క మడ మొక్క మిగల్లేదు. మరిది నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

కిందటేడు మళ్లీ నాటారు. "ఈ ఎండలకీ పోయుంటే చెరువు రొయ్యలకే లీజుకిచ్చేస్తాడంటక్కా. రేపు మొక్కలు లెక్కచూసి వాళ్లకి మాట చెప్పాల" అంది చెల్లెలు సుగుణ ఫోనులో. అందుకే ఈ ప్రయాణం.

ఆరుంబావుకి అవనిగడ్డ బస్సు కదిలింది. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు మరిచిపోకండి. ఉయ్యూరులో నాట్లకు వెళ్తున్న ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నా కథ చెబితే పకపకా నవ్వింది.

"మేవైనా అదే చేద్దుమమ్మా. చేలో కలుపుంటే ఊళ్లో పరువు పోద్దిగా!"

ప్రాణం కొంచెం తేలికపడింది. ఎనిమిదిన్నరకి అవనిగడ్డ. బస్టాండు ఎదురుగా అల్లం పచ్చడితో వేడి ఇడ్లీ తిని, షేర్ ఆటోలో నాగాయలంక చేరి, అక్కడినుంచి మరిది బండి మీద చెరువుకి వెళ్లేసరికి పది దాటింది.

చెరువు నిండా మళ్లీ అదే ఇలకూర! ఒక్క మడ ఆకు కూడా కనబడలేదు. అలవాటు కొద్దీ వంగబోతే, అప్పటికే అక్కడున్న సుగుణ నా చెయ్యి పట్టేసుకుంది.

"నువ్వు ముట్టుకోబాకే తల్లీ! చూడు చాలు."

గుబురును రెండు చేతులా పక్కకు తీసింది. లోపల జానెడు మడ మొక్క, నిగనిగలాడే నాలుగు ఆకులతో. పక్క గుబురులో రెండు. దాని పక్కన ఇంకోటి. కాలిబాట వెంట ఇలకూర లేనిచోట మాత్రం ఉప్పు తెల్లగా పొక్కులు కట్టి ఉంది, అక్కడ నాటినవి పుల్లలైపోయాయి.

"ముందు ఇది రావాల వదినగారూ," అన్నాడు మరిది. "నీడిస్తది, మట్టిని పట్టుకుంటది. ఎండకి ఉప్పు పైకి తేలదు. మడ పెద్దదైతే దీన్ని అదే పక్కకి నెట్టుద్ది."

మొక్కల మొదట్లో పీతల బొరియలు చూపించాడు. నేను లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. లీజు సంగతి ఎత్తకుండా వాళ్లతో ఇంటిదారి పట్టాను.

మధ్యాహ్నం ఇలకూర పప్పు వండింది సుగుణ. ఉప్పు వెయ్యక్కర్లేదు, ఆకులోనే ఉంది. ఇంత కమ్మటిదాన్నా మోపులకొద్దీ పీకి పారేశానని తిట్టుకుంటూ రెండుసార్లు వడ్డించుకున్నాను.

సాయంత్రం నాలుగుంబావుకి తిరుగు బస్సు. చల్లపల్లి దాటాక ఫోను మోగింది. సుగుణ అనుకున్నాను, మరిది.

"లీజు లేదని చెప్పేశా వదినగారూ. వచ్చే ఏడు మళ్లీ రండి. మీకు కుర్చీ వేస్తా. చేతులు కట్టుకుని కూర్చోవాల, అంతే!"

ఈ రెండేళ్లలో అతను నా కలుపుతీత సంగతి ఎత్తడం ఇదే మొదటిసారి. నవ్వు ఆపుకోలేకపోయాను, కళ్ల నీళ్లూ ఆగలేదు. కండక్టరు వెనక్కి తిరిగి ఏమైందండీ అని అడిగాడు.

"మా మరిది నన్ను తిట్టాడండీ" అన్నాను.