కరీం భాయ్ పడవకి గేరు కేబులు

ఈ రోజు భద్రాచలం రేవులో కరీం భాయ్ పాత మోటారు పడవకి గేరు కేబులు మార్చిన. ఇంజను లోపల, ఫ్యాను బయట తోక దగ్గర ఉండే రకం. నేను బడిలో నేర్చినోణ్ణి కాదు, ఇల్లందు గనుల్లో నీళ్ల పంపులు విప్పి విప్పి నేర్చినోణ్ణి. ఆ పంపుల కథలు మొదలుపెడితే తెల్లారుతది, వద్దు. కేబులైతే దాని డబ్బా మీది బొమ్మలో ఉన్నట్టే బిగించిన.

భాయ్ పడవెక్కి, వెనక్కి తీద్దామని లివరు ముందుకు నూకిండు. పడవ ఉరికి రేవు మెట్లను గుద్దింది.

"ఉల్టా పెట్టినవేంది పెద్దాయనా!"

"ముందుకు నూకితే ముందుకే పోతది గద భాయ్?"

"నేను కొన్నకాడికెల్లి ఇది వెనక్కే పోయింది. పన్నెండేండ్లాయె. రేపు పొద్దున జనాన్ని ఏరు దాటించాలె. గీ చెయ్యి ఇప్పుడు కొత్తగ నేర్చుకుంటదా?"

అంటే పాత మెకానిక్కు ఎవరో తప్పు బిగిస్తే, భాయ్ ఆ తప్పు మీదనే నడుపుడు నేర్చిండన్నట్టు. జనం పానాలాయె. విప్పి, ఎంతో జాగ్రత్తగా మళ్లీ తప్పుగనే బిగించిన. భాయ్ హాయిగా నడుపుకుంట పోయిండు.

ఆయనకి ఏనాడన్నా జరమొచ్చి ఇంకొకరు లివరు పట్టుకుంటేనో? ఇంటికొచ్చినా అదే ఆలోచన. చెప్పుండ్రి, నేను పడవను బాగు చేసిన్నా, చెడగొట్టిన్నా?