బిళ్ళ మీద జిడ్డు

ఎనభైల మొదట్లో వర్జీనియాలో ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఉపగ్రహాల్లో వాడే జిగుర్లు, రంగులు మా దగ్గరికి పరీక్షకు వచ్చేవి. గాలి లేని చోట వేడెక్కితే జిగురులోంచి కంటికి కనబడని ఆవిరి వస్తుంది. అది పోయి కెమెరా అద్దం మీద పేరుకుంటే అంత పెద్ద ఉపగ్రహమూ గుడ్డిదైపోతుంది. అందుకని గాలి తీసేసిన ఉక్కు డబ్బాలో జిగురును వేడిచేసి, ఎదురుగా చల్లటి లోహపు బిళ్ళ పెట్టి, దాని మీద ఏం పడిందో చూసేవాళ్ళం.

ఒక శీతాకాలం ఆ బిళ్ళ మీద ప్రతిసారీ జిడ్డు కనబడసాగింది. జిగురు పెట్టకుండా ఖాళీ డబ్బా నడిపినా అంతే. మా బాస్, యాభై దాటిన అమెరికన్ ఆవిడ, పరీక్షించి "ఏదో ఎస్టర్" అంది. నూనెల్లో, క్రీముల్లో ఉండే రకం పదార్థం. కొబ్బరినూనె కూడా ఎస్టరే. నూనె రాయని తల నాకు పుట్టి బుద్ధెరిగి తెలియదు.

ఆ రోజే నూనె మానేశాను. గిన్నెలు తోమే సబ్బుతో తల రుద్దుకుని, టోపీ మీద టోపీ పెట్టుకుని పనిచేశాను. జిడ్డు పోలేదు. ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. టీ కప్పు, దిండు గలీబు, ఏది ముట్టుకున్నా వేళ్ళు వాసన చూసుకునేదాన్ని.

"జుట్టు గడ్డిలా అయిపోయింది, ఏమైంది నీకు?" అన్నారు మావారు. చెప్పాను.

"ఆవిడకే చెప్పేయ్. నువ్విలా ఇల్లంతా తిరుగుతుంటే నాకు టెన్షన్‌గా ఉంది."

"మీకేమండీ, తేలిగ్గా అనేస్తారు. గ్రీన్ కార్డ్ ఫైల్ చేసింది ల్యాబ్ వాళ్ళే కదా!"

అయినా మర్నాడు చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. "రేపు ఆ నూనె సీసా తీసుకురా" అందంతే.

చలికి గడ్డకట్టిన నూనెను కారు హీటర్ దగ్గర కరిగించుకుంటూ వెళ్ళాను. ఆవిడ ఒక చుక్క తీసి, ఏ పదార్థమో గీత గీసి చూపే పరికరంలో పెట్టింది. కాగితం మీద గీత మెల్లగా వస్తుంటే చూడలేక కారిడార్‌లో పచార్లు చేశాను.

"ఇది కాదు, లోపలికి రా" అని పిలిచింది. బిళ్ళ మీది జిడ్డుదీ, నా నూనెదీ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించింది. గీతల ఎత్తుపల్లాలు కలవలేదు. తర్వాత తన చేతులు చాపింది. వేళ్ళ చివర్లు పగిలి ఎర్రగా ఉన్నాయి. "నేనూ హ్యాండ్ క్రీమ్ మానేశాను. నా వల్లేనేమో అనుకున్నా. అయినా జిడ్డు పోలేదు."

మా ఇద్దరిదీ కాకపోతే మరెక్కడిది? అల్మరాలన్నీ తెరిచి వెతికాం. కడిగిన బిళ్ళలు దాచే ప్లాస్టిక్ సంచులు ఈమధ్యే మారాయి. మెత్తగా ఉండటానికి వాటిలో కలిపిన మరో ఎస్టరే బిళ్ళలకు అంటుకుంటోంది. సంచి ముక్క పరీక్షిస్తే గీతలు అచ్చంగా కలిశాయి. సంచులు పారేసి గాజు డబ్బాలు తెప్పించాం.

అప్పటికీ నా మనసు కుదుటపడలేదు. సంచుల జిడ్డును జిగురుదే అనుకుని తప్పుగా ఫెయిల్ చేశామేమోనని, ఆ శీతాకాలం ఫెయిల్ చేసిన జిగుర్లన్నీ మళ్ళీ పరీక్షకు పెట్టాం. రెండు పాసయ్యాయి. వాటి తయారీదార్లకు ఆవిడే ఫోన్ చేసి సారీ చెప్తుంటే, నేను పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను.