కారు ముందా, మగ్గం ముందా

సూరత్‌లోని బమ్రోలిలో మా గల్లీకి వచ్చి ఆగయ్య ఇల్లెక్కడ అని అడిగితే నంబరు ఎవరూ చెప్పరు. "గోడకు పచ్చ సైకిలు ఆనిచ్చి ఉంటది సూడు, గదే" అంటారు. ఆ సైకిలు వయసు ఇరవై రెండేళ్లు. దాని హ్యాండిలుకు ఒక గుడ్డసంచి వేలాడుతుంటుంది. అందులో ఒక కత్తెర, ఒక టిఫిన్ డబ్బా, కాగితంలో చుట్టిన రెండు రొట్టెలు. డబ్బా ఉండగా ఆ రొట్టెలు ఎవరికని అడిగితే, "తెల్వది. ఎవరో ఒకరు డబ్బా మర్సిపోయి వస్తరు గద" అంటాడు.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన సాంచాల మీద పని చేస్తున్నాడు. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. ఆ చప్పుడుకు కుడిచెవి పోయింది. చెవి పోయినవాళ్లు మామూలుగా గట్టిగా మాట్లాడతారు. ఆగయ్య మాత్రం ఎదుటివాళ్ల పెదవుల వైపు చూస్తూ, తాను మెల్లగానే మాట్లాడతాడు. షిఫ్టు మొదలయ్యే ముందు సాంచాను తాకి కళ్లకద్దుకుంటాడు. ఆ తరువాతే స్విచ్ మీద చెయ్యి వేస్తాడు.

సిరిసిల్ల పక్క పల్లెలో చిన్నప్పుడు తండ్రి దగ్గర చేతిమగ్గం నేర్చుకున్నాడు. సూరత్‌లో నేతవాళ్లకు కొదవలేదు గానీ, చేతిమగ్గం మీద కూర్చుని నేయగలవాడు మా బస్తీలో ఆయనొక్కడే మిగిలాడు. అందుకే రాఖీ పున్నమి వచ్చిందంటే అందరికీ ఆగయ్య కావాలి. ఆ రోజు మా నేతవాళ్ల కులదైవం మార్కండేయ స్వామి పల్లకి ఊరేగుతుంది. పల్లకికి ముందు ఒక తోపుడుబండి, బండి మీద చేతిమగ్గం. బండి కదులుతుంటే ఆగయ్య స్వామికి కండువా నేస్తూ వస్తాడు. గుడికి చేరేసరికి కండువా పూర్తి కావాలి. అప్పటికప్పుడు మగ్గం మీంచి కోసిన ఆ బట్టను లోపలికి తీసుకుపోయి స్వామి భుజాన వేసేదాకా గర్భగుడి తెర తీయరు. పాతికేళ్లుగా ఆ కండువా ఆగయ్య చేతిదే. బండి మీద పక్కనే కూర్చుని రాట్నంతో నూలు కండెలు చుట్టి అందించేది వెంకటవ్వ. ఆమెకు డెబ్బై దాటాయి.

ఆ వెంకటవ్వ కొడుకే పరమేశ్.

పరమేశ్, ఆగయ్య ఒకే రైలు దిగి వచ్చారు. ఖటోదరాలో ఒక ఖోలీలో, అంటే ఒంటిగదిలో, ఒకే చాప మీద వంతులవారీగా పడుకున్నారు. పగలు షిఫ్టు ఒకరిది, రాత్రి షిఫ్టు ఒకరిది. పరమేశ్‌కు టైఫాయిడ్ వస్తే పదకొండు రోజులు ఆగయ్యే గంజి తాగించాడు. ఆ సంగతి ఆగయ్య ఎక్కడా చెప్పడు, పరమేశే చెబుతుండేవాడు. తరువాత పరమేశ్ నాలుగు సాంచాలు పెట్టాడు, ఇరవై నాలుగు చేశాడు, ఇప్పుడు తొంభై ఆరు. ఆగయ్య అందులోనే పని. షెడ్డులో అందరిలాగే ఆయన్ని సేఠ్ అంటాడు, షెడ్డు దాటితే తమ్మీ అంటాడు.

పోయిన దీపావళికి పరమేశ్ పెద్ద కారు కొన్నాడు. తెల్లటిది, జర్మనీ కంపెనీది. కొన్న వారానికే ఆగయ్యను ఎక్కించుకుని డుమస్‌కు తీసుకుపోయాడు. సముద్రం గాలికి నిలబడి ఇద్దరూ టమాటా భజియా తిన్నారు. అప్పుడు జరిగిన మాటలు ఆగయ్య మాకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు.

"గింత పెద్ద కారు ఎందుకు తమ్మీ? ఉన్నది మీరు నలుగురే గద" అన్నాడట ఆగయ్య.

"పదేండ్లు బట్టల మార్కెట్‌కు స్కూటరు మీద పోయిన్నే. గేటు కాడ వాచ్‌మన్ 'ఎవల డెలివరీ' అనెటోడు. బట్ట కొనే సేఠ్ నన్ను నిలబెట్టే మాట్లాడెటోడు. ఇప్పుడు గదే వాచ్‌మన్ గేటు తీసి సలాం కొడుతుండు. సేఠ్ చాయ్ తాగమంటుండు."

"బట్ట గదేనా?"

"గదే బట్ట."

"మరి సేఠ్ సూసింది బట్టనా, కారునా?"

"కారు సూసినంక బట్ట సూసిండు. అంతకుముందు బట్టను గుడ సూడలే అన్నా."

ఈ మాట మాకు చెప్పి ఆగయ్య, "ఆయన చెప్పింది నిజమే. మార్కెట్ల గట్లనే ఉన్నది మరి" అన్నాడు. మా గల్లీ మాత్రం వేరుగా ఉందా? ఆ కారు వస్తుంటే అరుగు మీద కూర్చున్నవాళ్లం లేచి నిలబడటం మొదలుపెట్టాం. అంతకుముందు అదే పరమేశ్ స్కూటరు మీద వస్తే "ఏం పరమేశ్, తిన్నవా" అని కూర్చునే అడిగేవాళ్లం. ఆ ఉగాదికి ఆయన్ని మా నేతవాళ్ల సమాజం అధ్యక్షుణ్ణి కూడా చేశాం.

పున్నమి పది రోజులుందనగా గుడి హాల్లో మీటింగు పెట్టారు. కార్లున్నవాళ్లు కుర్చీల్లో, మిగతావాళ్లం జంపఖానా మీద. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది. సెక్రటరీ కమలాకర్ కంప్యూటర్ ఉద్యోగం చేసే చురుకైన మనిషి. కాగితం చూసి చదివాడు. ఈసారి ఊరేగింపులో అన్నిటికన్నా ముందు పరమేశ్ గారి కారు, దాని మీద సమాజం జెండా, లోపల పెద్దలు. దాని వెనక మగ్గం, ఆ వెనక పల్లకి.

"రోడ్డు మీద మన ఇజ్జత్ పెరుగుతది" అన్నాడు కమలాకర్. "ఇన్నేండ్ల సంది మనల్ని సాంచాలోళ్లు, సాంచాలోళ్లు అంటున్నరు. మనల గుడ ఉన్నోళ్లున్నరని జర తెల్వాలె గద."

జంపఖానా మీంచి ఆగయ్య లేచాడు.

"కారు రావద్దంటలేను. ఎనుక రానియ్యిండ్రి. మగ్గం ముందల ఏదీ నడవది."

"కాకా, కారేమన్న దయ్యమా? ఉట్టిగ ముందల ఉంటది, గంతే."

"ఉట్టిగనే అయితే ఎనుక ఉంటే ఏమాయె?"

కుర్చీల్లో ఒకరిద్దరు నవ్వారు. కమలాకర్‌కు కోపం వచ్చింది. "మీరు నెయ్యకపోతే మార్కెట్ల మంచి పట్టుకండువా దొరుకుతది కాకా. ఐదు నిమిషాల పని."

"తెప్పియ్యిండ్రి. స్వామి కప్పుకుంటె కప్పుకుంటడు, ఆయనిష్టం. నేను మాత్రం కారు ఎనుక కూసోని నెయ్య."

అప్పటిదాకా మాట్లాడని పరమేశ్ మెల్లగా అన్నాడు. "అన్నా, నా షెడ్డుల పని చేసుకుంట, నలుగుట్ల నా మాటకే అడ్డం వస్తున్నవు. జర సోంచాయించు."

ఆ మాటకు అర్థం అందరికీ తెలిసింది. అరవై ఏళ్ల మనిషికి, ఒక చెవి లేనివాడికి కొత్త షెడ్డులో పని దొరకడం మాటలు కాదు.

"షెడ్డుల నువ్వు చెప్పింది ఇంట సేఠ్" అన్నాడు ఆగయ్య. "ఇది గుడి తమ్మీ."

చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కాగితం మీద రాసింది రాసినట్టే ఖాయమైంది.

పున్నమి రోజు పొద్దున సన్నగా వాన. గల్లీ మొదట్లో బంతిపూల దండలతో కారు నిలబడింది. దాని ముందు బ్యాండు. వెనక తోపుడుబండి మీద మగ్గం, పడుగు ఎక్కించి సిద్ధంగా ఉంది. ఆగయ్య రాడని కొందరు, వస్తాడని కొందరు అనుకుంటుండగానే ఆయన వచ్చాడు. స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, మగ్గానికి దండం పెట్టి ఎక్కి కూర్చున్నాడు. కానీ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

పరమేశ్ కారు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "అమ్మా, రా. ఈసారి నువ్వు నా పక్కన కూసోవాలె."

రాట్నం చంకన పెట్టుకుని వచ్చిన వెంకటవ్వ కారులోకి వంగి చూసింది. "బిడ్డా, నా రాట్నం ఇండ్ల పడ్తదా?"

"ఇయ్యాల రాట్నం ఎందుకమ్మా?"

"మరి కండెలెవరు సుడుతరు? నీ డ్రైవరా?"

డ్రైవరు కూడా నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు. వెంకటవ్వ కొడుకు బుగ్గ నిమిరి, "పోరా, నీ సల్లటి గాలికి నాకు మోకాళ్లు గుంజుతయి" అని తోపుడుబండి దగ్గరికి నడిచింది. ఇద్దరు ఆడవాళ్లు చెయ్యిచ్చి ఎక్కించారు.

బ్యాండు మోగింది. కారు కదిలింది. బండి తోసేవాళ్లు ఆగయ్య వైపు చూశారు.

"పోనియ్యిండ్రి" అన్నాడాయన. "అది దాని తొవ్వన అది పోతది. కండ్లకు కనవడకుంట పోయినంక మనం పోదాం."

కుర్రకారంతా ఫోన్లు ఎత్తిపట్టుకుని కారు వెంట పోయారు. కమలాకర్ వెనక్కి పరుగెత్తుకొచ్చి పల్లకి మోసేవాళ్ల పెద్ద సోమలింగాన్ని తొందరపెట్టాడు. సోమలింగం మాటలు తక్కువ మనిషి. "పల్లకి మగ్గం ఎనుకనే నడుస్తది" అన్నాడు, భుజం మీది తువ్వాలు సర్దుకుని నిలబడ్డాడు. కమలాకర్ అటూ ఇటూ చూసి మళ్లీ కారు వెంటే పరుగెత్తాడు. మేం ఓ డెబ్బై మందిమి మిగిలాం. ఎక్కువమంది ఆడవాళ్లు, ముసలివాళ్లు.

కారు కనుమరుగయ్యాక ఆగయ్య పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. బండి కదిలింది. బ్యాండు కారుతో పోయింది కదా, పాతికేళ్లలో మొదటిసారి మాకు మగ్గం చప్పుడు వినబడింది. ప్రతి ఏడూ బాజాల్లో మునిగిపోయే చప్పుడు అది. టక్కు టక్కుమని, మధ్య మధ్య వెంకటవ్వ రాట్నం గుయ్యిమని. వినబడుతుంటే ఆడవాళ్లు మాటలు ఆపేశారు. ఆగయ్యకు ఒక చెవే కాబట్టి సగమే వినబడి ఉంటుంది. ఆయన మాత్రం కాళ్లతో విన్నట్టు తొక్కుతూ పోయాడు.

వాన పెరిగింది. తడిసిన పోగులు తెగుతాయి. మెయిన్ రోడ్డు దగ్గర ప్రతి ఏడూ మగ్గం గుంజకు రాఖీ కట్టే భానుబెన్ అనే గుజరాతీ ఆమె నిలబడి ఉంది. మగ్గం తడవడం చూసి తన ఇంట్లోకి పోయి, పాపడ్లు ఆరబెట్టే పెద్ద ప్లాస్టిక్ షీటు తెచ్చింది. నాలుగు మూలలా నలుగురు పట్టుకున్నారు. చేతులు నొప్పెట్టినప్పుడల్లా వేరే నలుగురు మారారు. గుడి దాకా ఆ షీటు ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. కూడలిలో కానిస్టేబుల్ తాను తడుస్తూ, చెయ్యెత్తి లారీలను ఆపాడు. పోగు తెగిన చోటల్లా బండి ఆగింది, అతికాక కదిలింది. ఎవరూ విసుక్కోలేదు.

మేం గుడికి చేరేసరికి కారు వచ్చి రెండు గంటలైంది. బ్యాండువాళ్లు ఒక పక్కన చాయ్ తాగుతున్నారు. పరమేశ్ ముందువరసలో మొదటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లోపల తెర వేసే ఉంది. పట్టుకండువా ఒకటి పళ్లెంలో పెట్టి ఉంది గానీ, పూజారి దాన్ని ముట్టలేదు.

ఆగయ్య చివరి పోగు వేసి, వెంట తెచ్చుకున్న గుడ్డసంచిలోంచి కత్తెర తీసి కండువా కోశాడు. దాన్ని లోపలికి తీసుకుపోయేది సమాజం అధ్యక్షుడు, అంటే పరమేశ్. ఆయన లేచివచ్చి రెండు చేతులూ చాచాడు. ఆగయ్య ఆ చేతుల వైపు చూశాడు.

"నువ్వు నడిసి రాలేదు తమ్మీ" అన్నాడు. గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. "నడిసొచ్చినోళ్ల ముంగట నీ చేతుల పెట్టలేను."

కండువాను వెంకటవ్వ చేతుల్లో పెట్టాడు. ఆమె ఒక్క క్షణం కొడుకును చూసింది. తరువాత తలమీద కొంగు వేసుకుని లోపలికి వెళ్లింది. చాచిన చేతులు పరమేశ్ వెంటనే దించలేకపోయాడు. తెర తీశారు. స్వామి భుజం మీద ఆ కండువా, ఒక అంచున వాన మరకతో ఉంది. మేమంతా దండం పెట్టుకున్నాం. పరమేశ్ కూడా పెట్టుకున్నాడు.

సోమవారం షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజరు తల వంచుకుని, "కాకా, సేఠ్ మిమ్మల్ని రావద్దన్నడు" అన్నాడు. ఆగయ్య లోపలికి పోయి తాను నడిపిన ఎనిమిది సాంచాలనూ ఒక్కొక్కటే తాకి కళ్లకద్దుకుని, సైకిలెక్కాడు. సంచిలో కాగితంలో చుట్టిన ఆ రెండు రొట్టెలు ఆ సూపర్‌వైజరుకే ఇచ్చాడట. అతను ఆ రోజు ఏమీ తినకుండా వచ్చాడట.

తొమ్మిది రోజులు తిరిగాక ఖటోదరాలో ఒక పాత షెడ్డులో పని దొరికింది. సాంచాలు ముసలివి, దారి అరగంట ఎక్కువ. "పాత సాంచాకు పాత మనిషి. మాకు మంచిగనే కుదిరింది" అంటాడు.

ఇక కారు సంగతి. దాని మర్యాద ఎక్కడా తగ్గలేదు. మార్కెట్ గేటు ఇప్పటికీ దానికి తెరుచుకుంటుంది. ఒకసారి ఈ మాటే ఆగయ్యతో అంటే, "తెర్సుకోనీ. మన స్వామికి గేటున్నదా, వాచ్‌మన్ ఉన్నడా?" అన్నాడు. మా గల్లీలో మాత్రం అది వస్తే లేచేవాళ్లు కొంత తగ్గారు. నేను మానేశాను.

పోయిన నెల ఆగయ్య ఖటోదరా దారిలో వానలో తడుస్తూ సైకిలు తొక్కుతుంటే ఆ కారు ఆయన పక్కన ఆగిందట. అద్దం దిగింది.

"అన్నా, ఎక్కు. సైకిలు డిక్కీల ఏద్దాం."

"నీ సీటు కరాబయితది తమ్మీ. పో."

"ఇంక కోపం పోలేదా?"

"కోపం ఎక్కడిది? వచ్చే రాఖీ పున్నానికి నడిసిరా. కండువా నీ చేతులనే పెడ్త."

ఆగయ్య పెడలు మీద కాలు వేసి ముందుకు కదిలాడు. ఆ దారి ఇరుకేమీ కాదు, లారీలు కూడా పోతాయి. అయినా మలుపు వచ్చేదాకా కారు హారన్ కొట్టకుండా, దాటకుండా సైకిలు వెనకే మెల్లగా వచ్చిందట.