మూడు చుక్కల బావి

మొన్న రుద్రారంలో చదువుకుంటున్న మా అక్క మనవరాలు తన పరిశోధనకు కావలసిన పాత రెవెన్యూ కాగితాలను ఫోనులోనే తెరిచి, వేలితో అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తుంటే, నాకు నా ఎం.ఏ. రోజులు కళ్లముందు కదిలాయి.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చినవాడు. మేము రాకముందు ఇక్కడ రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేవని క్వార్టర్స్‌లోని పెద్దలందరిలాగే ఆయనా గర్వంగా చెప్పేవాడు. ఆ మాట నమ్మే నేను మా కాలనీ చరిత్ర రాయడానికి పూనుకున్నాను. తీరా నగరంలోని పాత పత్రాల కార్యాలయంలో దొరికిన, మా కాలనీ వెలిసిన ఊరి దస్త్రమంతా ఉర్దూలో ఉంది. జిరాక్సు తీయనివ్వరు, పెన్ను వాడనివ్వరు. ఇక చేసేదేముంది, ముగ్గు చూసి ముగ్గు దింపినట్టు పెన్సిలుతో ఒక్కో అక్షరాన్నీ బొమ్మగా గీసుకుని, ఉర్దూ చదివేవారి కోసం సంగారెడ్డి గ్రంథాలయానికి వెళ్లాను.

అక్కడ రోజూ పేపరు చదవడానికి వచ్చే పట్వారీ తాత, ఒకప్పుడు ఊళ్ల భూమి లెక్కలు రాసినవాడు, నా బొమ్మలు చూసి చాలాసేపు నవ్వాడు. నేను అక్షరం కింద మూడు చుక్కలు పెట్టాల్సిన చోట ఒకటే పెట్టడంతో బావి అనే మాట కాస్తా హోదా అయి కూర్చుందట. అక్కడ రాళ్లే కదా ఉండేవని నేనంటే, అద్దాలు సర్దుకుని మెల్లగా అన్నాడు: "రాళ్లని ఎవలు చెప్పిన్రు బిడ్డా? గీ కాయితంల మూడు బావులున్నయి, జొన్న చేన్లున్నయి. చుక్కలు సక్కగ సూసుకొని మల్ల రా."

ఆయన దగ్గరే రెండు నెలలు అక్షరాలు దిద్దుకుని, మళ్లీ వెళ్లి ఆ దస్త్రాన్ని నా కళ్లతో నేనే చదివాను. చదివినది చదివినట్టే రాశాను, నాన్న నొచ్చుకుంటాడని తెలిసి కూడా.

అది చదివి నాన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున్న టీ తాగుతూ, ఆ బావులు ఎక్కడుండేవని అడిగాడు. ఒకటి మా ఆటస్థలం కింద ఉందంటే అక్కడిదాకా నడిచి వచ్చి, నేలవైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. నాకు చెప్పినవాళ్లు లేరు," అన్నాడు.

ఆ తరువాత ఇంటికెవరొచ్చినా ఆ చేల సంగతి నాకంటే ముందు ఆయనే చెప్పేవాడు.

ఇప్పుడు ఏ కాగితమైనా ఇంట్లో కూర్చునే చూడవచ్చు, అది మంచిదే. మేము బస్సుల్లో పోగొట్టుకున్న పూటలు ఈ పిల్లలకు మిగులుతాయి. కానీ మనం ఏమీ అడగకముందే మన తప్పు చూసి నవ్వి, పక్కకు జరిగి కుర్చీ ఇచ్చే పెద్దమనిషి వీళ్లకు ఎక్కడ తారసపడతాడో నాకు తెలియదు.