బెల్టు ముక్క మీద కూర్చున్న ఇంజిను

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను శ్రీరాంపూర్ నుంచి మందమర్రి ఏరియా వర్క్‌షాపుకు బదిలీ చేశారు. హోదా ఆటో విభాగం ఇంజనీరు. అంటే బొగ్గు మోసే డంపర్ల నుంచి ఆఫీసర్ల జీపుల దాకా టైర్లున్న ప్రతి బండి మంచిచెడ్డలూ నావే. నా కింద ఒక ఫోర్‌మన్, ఆయన కింద ఫిట్టర్లు. సొంత బండ్లను షెడ్డులోకి రానివ్వకూడదని నియమం. నేను దాన్ని గట్టిగానే పాటించాను. అందుకని కాలనీలో ఎవరి స్కూటరు మొరాయించినా ఆదివారం పొద్దున నా క్వార్టరు ముందు ప్రత్యక్షమయ్యేది. నాకేం విసుగు లేదు, నిజానికి సంతోషంగానే ఉండేది. డంపరు చెడితే పైనుంచి ఫోన్లు వస్తాయి. స్కూటరు చెడితే చాయ్ వస్తుంది.

అలా ఒక ఆదివారం కొమురయ్య వచ్చాడు. ఆయన బెల్టు ఫిట్టరు. గనిలోంచి బొగ్గును పైకి మోసుకొచ్చే కన్వేయర్ బెల్టు తెగితే, రెండు కొసలనూ పొరలుపొరలుగా చెక్కి, జిగురు పూసి, వేడి మీద ఒత్తి అతికించడం ఆయన పని. ఆయన వేసిన అతుకు విడిపోయిందని ఎవరైనా అనగా నేను వినలేదు. ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు.

మా బొగ్గు ఊళ్లలో దానికొక పద్ధతి ఉంది. చివరి షిఫ్టు ముగిసే వేళకు భార్యను గని గేటు దగ్గరికి పిలిపిస్తారు. ఇద్దరికీ దండలు వేసి, పూలు కట్టిన బండిలో కూర్చోబెట్టి, డప్పులు కొట్టుకుంటూ ఇంటికి తీసుకొస్తారు. ఆ వయసులో మళ్లీ పెళ్లి ఊరేగింపు అని కుర్రకారు ఆటపట్టిస్తారు కూడా.

కొమురయ్య ఆ రోజు కోసం ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. ఒకప్పుడు అది మందమర్రిలో పనిచేసిన ఒక ఆఫీసరు కారు. కొమురయ్య భార్య రాజవ్వకు తొలికాన్పు నొప్పులు వచ్చిన రోజు అంబులెన్సు అందుబాటులో లేకపోతే, ఆ ఆఫీసరు తన కారులోనే ఆమెను ఆసుపత్రికి పంపించాడట. చేతులు మారి మారి అది అమ్మకానికి వచ్చిందని తెలిసి కొమురయ్య పట్టుబట్టి తెచ్చుకున్నాడు. పెట్రోలు ఇంజిను ఎందుకూ పనికిరాకుండా పోవడంతో, సుల్తానాబాద్‌లో ఒక మెకానిక్ చేత తుక్కుకు వచ్చిన మరో అంబాసిడర్ డీజిలు ఇంజినును ఇందులో పెట్టించాడు. అప్పటి నుంచి కారు ఒకటే వణుకు.

రాజవ్వకు అంతకుముందే నడుముకు ఆపరేషన్ అయింది. అదురు తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. కొత్త ఇంజినుతో కారు వచ్చిన రోజు ఆమె ముచ్చటపడి ఎక్కి, కాలనీ మలుపు తిరగకముందే దిగి, నడుము పట్టుకుని ఇంటికి నడిచింది.

"ఆమె ఎక్కకుంటే నేను గూడ ఎక్క సార్. గా బండి లేకుంటే నాకు డప్పులే వద్దు," అన్నాడు కొమురయ్య. "ఇంజెక్టర్లు అన్నరు, చేపిచ్చిన. క్లచ్ అన్నరు, మార్పిచ్చిన. పరేషాన్ అయితున్న. జర మీరు సూడుండ్రి."

నేను ఆయన క్వార్టరుకు వెళ్లాను. వణుకును పట్టుకోవడానికి మా వృత్తిలో ఒక వరస ఉంది. ముందు అది ఇంజినుతో వస్తోందా, చక్రాలతో వస్తోందా తేల్చుకోవాలి. కారు నిలబడి ఉండగానే స్టార్ట్ చేయించాను. ఆ వణుకుకు కారు అద్దంలో నా ముఖం నాకే కనిపించలేదు. బానెట్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలాయి. కారు నిలబడే ఉంది కనుక టైర్లు, వెనుక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ నిర్దోషులు. క్లచ్ తొక్కి చూశాను, తేడా లేదు. అదీ కాదు. తర్వాత డీజిలు వెళ్లే గొట్టాల నట్లను ఒక్కొక్కటే కొద్దిగా వదులు చేశాను. అలా చేస్తే ఆ సిలిండరు పని ఆగిపోతుంది. ఏ సిలిండరును ఆపినా ఇంజిను ఒకేలా నీరసపడింది. అంటే నాలుగూ సమంగా పనిచేస్తున్నాయి. మెకానిక్ మంచి ఇంజినే వేశాడు.

ఇక మిగిలింది నా చేతులు. ఒక అరచెయ్యి ఇంజిను మీద, మరొకటి దాన్ని మోసే చట్రం, అంటే ఛాసిస్ మీద పెట్టాను. డీజిలు ఇంజిను అన్నాక ఊగుతుంది, అది దాని స్వభావం. కానీ ఆ ఊపు ఛాసిస్‌కు చేరకూడదు. మధ్యలో ఉండే రబ్బరు దిమ్మలు దాన్ని మింగేయాలి. ఇక్కడ రెండు చేతులకూ ఒకే వణుకు తగిలింది.

కిందికి దూరి చూశాను. ఇంజిను కింద నల్లగా, చక్కగా కోసిన దిమ్మలున్నాయి. గోరు గుచ్చితే దిగలేదు. అంచున బట్ట పొరలు కనిపించాయి. మందమర్రిలో ఉద్యోగం చేసినవాడికి దాన్ని గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. ప్రతి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునేది, ప్రతి కొట్టంలో బర్రె కింద పరిచేది అదే. కన్వేయర్ బెల్టు.

"ఇదెవరు వేసిండ్రు కొమురయ్యా?" అని అడిగాను.

"నేనే సార్! మెకానిక్ కరీంనగర్ నుంచి రబ్బర్లు కొనుక్కరమ్మన్నడు. నా తాన లేని రబ్బరా అని, నేనే కోసి, నాలుగు పొరలు అతికిచ్చిన. లారీ ఎక్కిచ్చినా అణగదు," అన్నాడు ఛాతీ విరుచుకుని.

నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఎవరూ చెప్పని మాట, రిటైరయ్యే నెలలో, నేను చెప్పాలి.

"అణగకపోవుడే తప్పయింది," అన్నాను. "బెల్టు సాగద్దు, అణగద్దు. గది దాని పని. ఇంజిను కింద రబ్బరు అణగాలె. నీ పనిల లోపం లేదు కొమురయ్యా. గిది నీ బెల్టుండే జాగ కాదు."

ఆయన ముఖం మాడిపోయింది. తన బెల్టుకు ఇంతవరకు వంక పెట్టినవాడు లేడని గొణిగి, లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఎవరి పిల్ల వారికి ముద్దు. వాదిస్తే లాభం లేదు. జాకీ మీద చెక్క పెట్టి ఇంజినును కొంచెం లేపాను. దిమ్మలు తీసేసి, వాటి చోట పాత ట్యూబును మడతలు పెట్టి ఇరికించాను. అది పరీక్షకే తప్ప బండి నడపడానికి పనికిరాదు. స్టార్ట్ చేశాను. అద్దంలో నా ముఖం, చెమటతో సహా, నిలిచింది.

రాజవ్వను రమ్మన్నాను. ఆమె అనుమానంగానే వెనుక సీట్లో కూర్చుంది. సీటుకు నడుము ఆనించి చూసుకుంది. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ భర్తను చూసి కేకేసింది.

"సప్పుడైతే గట్లనే ఉన్నది గని, నడుముకు తెలుస్తలేదు. జర ఇటు వచ్చి కూసోరాదు!"

కొమురయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. సీటు మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చూశాడు. అతుకు బాగా పట్టిందో లేదో చూసేటప్పుడు కూడా ఆయన అలాగే చెయ్యి ఆనిస్తాడు. కొంతసేపటికి కళ్లు తెరిచి, "సైలెన్సర్ కాడ గూడ ఒక బెల్టు పట్టీ ఏసిన సార్. గియర్ డబ్బ కింద ఇంకోటి," అని తనే చెప్పాడు.

అవీ తీశాం. మర్నాడు కరీంనగర్ నుంచి అసలైన రబ్బర్లు తెప్పించి బిగించాం. నెలాఖరున కారుకు బంతిపూలు కట్టారు. గేటు నుంచి కాలనీ దాకా రాజవ్వ నిటారుగా కూర్చుని వచ్చింది. కొమురయ్య మాత్రం దారి పొడవునా ముందున్న అద్దాన్నే చూస్తున్నాడు, కదులుతోందేమోనని. నేను డప్పుల వెనకాల నడిచాను. మనసు నిండింది.

తీసేసిన బెల్టు దిమ్మలను ఆయన పారేయలేదు. క్వార్టరు మెట్టు ఊగుతుంటే దాని కింద పెట్టాడు. ఆ మెట్టు మళ్లీ కదల్లేదు.

నేను రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నాను. ఇప్పటికీ ఎవరో ఒకరు చెడిన బండి తెచ్చి చూడమంటారు. అందులో ఏ భాగం మార్చారని మెకానిక్‌లందరూ అడుగుతారు, నేనూ అడుగుతాను. దానికి ముందు, మార్చిన మనిషి ఏం పని చేసేవాడో అడుగుతాను. మనిషి తనకు బాగా వచ్చిన పనినే, అది అక్కర్లేని చోట కూడా చేస్తాడు. తప్పు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.