మామ మాటకు నేను చెప్పిన అర్థం

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మామూలు అబద్ధాలు నాకు బరువనిపించవు. తాడోబా అడవిలోని పులి మా బాబుపేట్ దాకా నా వెనకే నడిచి వచ్చి, మా గల్లీ కుక్కను చూసి జడుసుకుని వెనక్కి పోయిందని చెప్పినదాన్ని నేను. అలాంటివి విని జనం నవ్వుతారు, నేనూ నవ్వుతాను, లెక్క సరిపోతుంది. ఈ ఒక్కటి చెప్పిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. అందరూ నమ్మారు.

మా మేనమామ సాస్తి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ప్రతి గురువారం వాళ్లింట్లో భజన. హార్మోనియం ఆయనదే, మొదటి పాటా ఆయనదే. ఒకరోజు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాటా పోయింది. ఒక్కటే మిగిలింది: ‘గదే’. దాహం వేసినా గదే, దోమ కుట్టినా గదే.

పక్క గల్లీలో ఉండే నేను రోజూ వెళ్లేదాన్ని. ఆయన మాట నాకు అర్థమవుతోందని అత్తతో చెప్పేశాను. పాపం, నమ్మింది. “మిర్చి బజ్జీలు తింటడంట అత్తా” అంటే వేసి పెట్టేది. ఆయన ఒకటి తినేవాడు, మిగతావి నేను. మామ వంకర మూతితో నవ్వేవాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఒక గురువారం భజన వాళ్లంతా వచ్చారు. మళ్లీ మొదలుపెడదామా అని తబలా వాయించే ఆయన మంచం పక్కన కూర్చుని అడిగాడు. మామ కళ్లు మెరిశాయి. “గదే, గదే” అన్నాడు. అందరూ నా వైపు చూశారు.

“వద్దంటుండు,” అన్నాను. “చప్పుడుకు తలకాయ పగుల్తదంట. హార్మోనియం గూడ తీస్కపొమ్మంటుండు.”

మామ ఎడమచేత్తో మంచం బాదాడు. “గదే! గదే! గదే!”

“చూసిన్రా, ఎంత కోపమొస్తుందో!” అన్నాను.

వాళ్లు తల వంచుకుని హార్మోనియం మోసుకుపోయారు.

ఎందుకన్నాను? అంతమందికీ చాయ్ పెట్టి, గ్లాసులు కడిగే పని నా మీద పడుతుందని. గురువారం సీరియల్ పోతుందని. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణాలివి. నిజంగా ఇవేనా? అంతమంది ఆయన చుట్టూ కూర్చుని పాడుతుంటే మధ్యలో అర్థం చెప్పే మనిషితో పనేముంటుందన్న భయం కాదా? మాటతో పాటు మామ తెలివి కూడా పోయిందనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉండేది మరి.

నెలలు గడిచాక, మాటలు నేర్పే మేడం దగ్గరికి మామను తీసుకెళ్లాం. ఆమె బొమ్మలు చూపించి, ప్రశ్నలడిగి, తేల్చి చెప్పింది. మనం అనేదంతా ఆయనకు అర్థమవుతోంది. మాట లోపలికి పోయే దారి బాగానే ఉంది, బయటికి వచ్చే దారికే దెబ్బ తగిలింది. పాడేటప్పుడు మెదడులో వేరే భాగాలు కూడా సాయానికొస్తాయి, మాట రాని కొందరికి పాటలో మాట వస్తుంది. “ఇదివరకు పాడేవారా?” అని అడిగింది.

“మస్తు పాడేటోడు మేడం,” అంది అత్త. “బిమారొచ్చినంక ఆయనే వద్దన్నడు. ఈ పిల్లతోని చెప్పించిండు.”

“అయ్యో, మొదట్లోనే పాడించి ఉంటే ఇంకా మేలు జరిగేదేమో,” అంది మేడం.

మామ నా వైపు చూశాడు. మెల్లగా, “గదే” అన్నాడు.

“ఏమంటుండే?” అంది అత్త.

ఆయన ఏమంటున్నాడో మొట్టమొదటిసారి నాకు నిజంగా తెలిసింది. వద్దన్నది ఆయన కాదు, నేనేనని అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. కానీ “ఇప్పుడు పాడ్తనంటుండు అత్తా” అన్నాను. మామ గట్టిగా నవ్వాడు. భజన తిరిగొస్తుందనా, నా సిగ్గులేనితనానికా? ఇప్పటికీ తెలియదు.

హార్మోనియం తిరిగొచ్చింది. మొదట్లో మామ కూనిరాగం తీసేవాడు, అంతే. ఒక గురువారం, అందరితో పాటు పాడుతూ పాడుతూ, ఒక చరణం చరణమంతా స్పష్టంగా పలికేశాడు. అత్త చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఏడ్చింది. ఆ రోజు గ్లాసులన్నీ నేనే కడిగాను, గొణగకుండా.

మెల్లగా కొన్ని మాటలు పాట దాటి మంచం దాకా వచ్చాయి. చాయ్. కూసో. రా. అంతకుమించి ఇంకా కష్టమే. నేను పోగొట్టిన ఆ నెలల్లో ఎన్ని మాటలు వచ్చి ఉండేవో మేడం చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు. పడుతూ లేస్తూ ఆయన ఒక్కో మాట పలుకుతుంటే నాకు అదే గుర్తొస్తుంది.

అత్త మాత్రం వచ్చినవాళ్లందరితో, “ఆయన మనసు దీనికొక్కదానికే తెల్సు” అంటుంది. మామ వింటాడు, నన్ను చూస్తాడు.

ఈమధ్య నాతో ఏదో చెప్పాలని మొదలుపెడుతున్నాడు. “నువ్వు...” అని ఆగిపోతాడు. మొన్న “నువ్వు... భజన...” దాకా వచ్చాడు. తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు. ఒకప్పుడైతే ఇంకేదో మాట అందించి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు నోరు మూసుకుని ఆయన ఎదురుగానే కూర్చుంటున్నాను. అత్త ఉన్నప్పుడే వచ్చినా సరే, ఆ మాట ఆయన నోటినుంచే రానీ.

అది వచ్చేలోపు మీకు చెప్పేశాను. కాస్త ఊపిరాడుతోంది.