రుచి చూస్తే తిన్నట్టా?

పాకం మాస్టారు మిఠాయి ముట్టడు. ఈ మాట ఆయన భార్య వీధి వీధంతా చెప్పుకుంది, గొప్పగా చెప్పుకుంది. పెళ్లికి ముందు నుంచీ మిఠాయి కొట్టు వెనక వంటగదిలో బాణళ్ల ముందు నిలబడే మనిషి. ఇంటికొస్తే ఒళ్లంతా చక్కెర వాసన, చొక్కా అంతా జిగట. అయినా ఎవరైనా ఒక ముక్క చేతిలో పెడితే దండం పెట్టేవాడు. "ఆ వాసనకే మొహం మొత్తింది బాబూ, వదిలెయ్యండి" అనేవాడు. అలాంటి మనిషికి షుగర్ వచ్చింది. ఇంతకంటే వెటకారం ఉంటుందా?

వచ్చింది సరే, వచ్చి ఊరుకుందా? పాదాల్లో స్పర్శ లాగేసింది. మరిగే పాకం చుక్క ఎడమ కాలి బొటనవేలి మీద పడితే ఆయనకు తెలియనే లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పు విప్పితే దాంతోపాటు చర్మం కూడా ఊడివచ్చింది. భార్య కెవ్వుమంది. ఆయన మాత్రం వేలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఎవరి కాలో అయినట్టుందే, నాకేం తెలియట్లేదు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరమ్మ పుండు కడిగి, కట్టు కట్టి, దాపరికం లేకుండా చెప్పేసింది.

"మందులు నేనిస్తాను. నోరు మీరు కట్టుకోవాలి. షుగర్ దిగితే పుండు మానుతుంది. దిగకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుంది. స్వీట్లు తింటారా?"

"తిననండీ."

"మిఠాయి కొట్లో ఉంటూ కూడానా?"

"అమ్మతోడండీ. ఒక్క ముక్క తినను."

కాలు పోతే బతుకే పోయినట్టు. ఆయన పని కూర్చుని చేసేది కాదు. ఇనప గరిటె రెండు చేతులా పట్టుకుని, కాళ్లు నేలకు తన్నిపెట్టి కలిపితేగాని బాణలి అడుగంటకుండా ఉండదు. అది భార్యకు తెలుసు గనక ఆ రోజే ఇంట్లో యుద్ధం మొదలుపెట్టింది. చక్కెర డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. టీ చప్పగా అయిపోయింది. అన్నం గుప్పెడు, కూర గిన్నెడు. ఒక్కడికే పథ్యం పెడితే ఆయన ముఖం చిన్నబోతుందని తనూ అదే తింది, కూతురికీ అదే పెట్టింది. "అమ్మా, షుగర్ నాన్నకా, నాకా?" అని పిల్ల సణిగితే, "నోరు మూసుకుని తిను" అని కసిరింది. సిగరెట్లు మానిపించింది. రోజూ పొద్దున్నే ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులన్నీ తుడిచి, కొత్త గాయమేదైనా ఉందేమోనని వెతికేది.

షుగర్ దిగలేదు.

మాత్రలు పెంచారు, సూదులు మొదలుపెట్టారు. అయినా అది మొండిగా అక్కడే కూర్చుంది. చివరికి డాక్టరమ్మ ఆయన్ని వదిలేసి ఆవిడ వైపు తిరిగింది. "ఇంట్లో అసలు ఏం పెడుతున్నారమ్మా ఈయనకి?"

ఆ ఒక్క మాటకు ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే విరుచుకుపడింది.

"నా దగ్గర దాచి తింటున్నారు మీరు. నిజం చెప్పండి!"

"ఎక్కడ తిన్నానే? అమ్మాయి మీద ఒట్టు. తిండంటే నువ్వు పెట్టిందే."

కూతురి మీద అబద్ధపు ఒట్టు వేసే మనిషి కాడాయన. ఆవిడ నమ్మింది. నమ్మి, తన వంటలోనే ఏదో పాపం ఉందనుకుని ఆ గుప్పెడు అన్నం కూడా సగం చేసింది.

ఒకరోజు ఆయన క్యారేజీ మరిచిపోయి వెళ్తే తనే పట్టుకుని కొట్టుకు వెళ్లింది. వెనక తలుపు తెరిచే ఉంది. మాస్టారు పొగలో నిలబడి ఉన్నాడు. గరిటె అంచు నుంచి చెంచాడు పాకం తీశాడు, ఊదాడు, నాలుక మీద వేసుకున్నాడు, కళ్లు మూసుకుని మింగాడు. "ఇంకా ముదరాలి" అని తనలో తనే అనుకున్నాడు. పక్క బాణలికి వెళ్లాడు. అక్కడా అంతే. చల్లారుతున్న పళ్లెంలోంచి ఒక అంచు గిల్లి నోట్లో వేసుకున్నాడు. మళ్లీ మొదటి బాణలికి వచ్చాడు.

"అయ్యో అయ్యో! ఏం చేస్తున్నారండీ మీరు!"

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "ఏం చేశానే?"

"తింటున్నారు!"

"తినడమేంటే? రుచి చూస్తున్నాను."

దబాయింపు కాదది. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. తినడమంటే ఆకలేసి కూర్చుని తినేది. రుచి చూడటం పని. సరుకు తూచినవాడు సరుకు కొన్నట్టవుతుందా? ఆయన లెక్క అది. డాక్టరమ్మ "తింటారా" అని అడిగింది, భార్యా అదే అడిగింది, ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన ఒక్క అబద్ధమాడినా ఆవిడకు కడుపునిండా తిట్టుకునే వీలుండేది. అదీ లేకుండా చేశాడు మహానుభావుడు.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇదేనా?"

"మరి? చూడకుండా ఎలా దించుతారే?"

అంటూనే ఆగిపోయాడు. చేతిలో చెంచా వైపు చూశాడు, కట్టు కట్టిన కాలి వైపు చూశాడు. పిండి బస్తా మీద చతికిలబడ్డాడు. "అంటే... ఇన్నాళ్లూ నేనేనా?" అన్నాడు. ఆవిడ క్యారేజీ కింద పెట్టి, ఆ పొగలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి ఆవిడ కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టింది. రుచి ఆవిడ చూడాలి, పని ఆయన చెయ్యాలి. మొదటిరోజు, "ఎలా ఉంది?" అని ఆయన అడిగితే "తియ్యగా ఉంది" అంది. "తియ్యగా ఉంటుందని నాకు తెలీదా! గొంతులో గీరుతోందా? నాలుక్కి అంటుకుంటోందా? అది చెప్పు!" అని గరిటె విసిరినంత పని చేశాడు. రానురాను ఆవిడ నాలుక ఆయనకు అలవాటైంది. చెంచా ఆవిడ నోటికి వెళ్తుంటే ఆయన పెదాలు కదిలేవి, అంతే. పళ్లు బిగపట్టి ఊరుకునేవాడు. అలవాటు మానడం ఎంత నరకమో ఆ ముఖం చూస్తే తెలిసేది.

షుగర్ దిగింది. నిజంగానే దిగింది. కానీ పుండు వీళ్లకోసం ఆగలేదు. వేలు నల్లబడింది, నలుపు పైకి పాకింది, ఎముకలోకి దిగింది. మోకాలి కింద తీసెయ్యాలన్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు వచ్చి, "రాత్రి నుంచి ఏమైనా తిన్నారా?" అని అడిగింది. మాస్టారు లేచి కూర్చున్నాడు. "తినలేదమ్మా" అన్నాడు. తర్వాత, "రుచి కూడా చూళ్లేదు" అన్నాడు. నర్సుకు అర్థం కాక నవ్వి వెళ్లిపోయింది. భార్య గోడ వైపు తిరిగిపోయింది.

అంతా అయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "షుగర్ చాలా బాగుందమ్మా. గాయం తొందరగా మానుతుంది. బాగా చూసుకున్నారు."

"ఇప్పుడు మెచ్చుకుంటారేంటండీ" అంది ఆవిడ. "కాలు పోయాక ఎందుకండీ ఆ మెప్పు?"

లోపల మాస్టారుకు మెలకువ వచ్చింది. ముఖం నొప్పితో వంకర్లు పోతోంది. భార్య చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"బొటనవేలు సలిపేస్తోందే. ఎడమ కాలిది. కాస్త నొక్కు."

ఆవిడ మంచం చివరికి వెళ్లింది. అక్కడ దుప్పటి చదునుగా ఉంది. మరిగే పాకం పడి కాలినా తెలియని ఆ వేలు ఈ రోజే నొప్పెడుతోంది. ఆవిడ మంచం అంచున కూర్చుని, వేలు ఉండాల్సిన చోట, ఖాళీ దుప్పటిని రెండు చేతులా నొక్కడం మొదలుపెట్టింది.

"ఇంకాస్త గట్టిగా" అన్నాడు మాస్టారు.

ఆవిడ గట్టిగా నొక్కింది.